మీ నీళ్లు, మా పప్పు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. నేను ఏదీ ఉన్నదున్నట్టు చెప్పలేను. మా ఇంట్లో గిన్నె కింద పడితే నా నోట్లో అది భూకంపం. వికారాబాద్ నుంచి తాండూరుకు ప్యాసింజర్ రైల్లో పోయి వస్తే, ఇంటికొచ్చి చెప్పేటప్పటికి అందులో రెండు గాలివానలు, ఒక పెళ్లిచూపులు, కిటికీ సీటు కోసం ఒక మహాయుద్ధం ఉంటాయి. నా భార్య నా మాటను సగానికి విరిచి, ఆ సగాన్ని మళ్లీ విరిచి, మిగిలిన ముక్కను మాత్రం నమ్ముతుంది. మీరూ అలాగే చేసుకోండి. కాకపోతే ఈసారి చెప్పేది మా అక్క సంగతి. అక్క విషయంలో ఎక్కువ చేసి చెప్పడం కష్టం, ఆమె అప్పటికే ఎక్కువ.

అక్కకు తాండూరులో కందిపప్పు దుకాణం ఉంది. దుకాణమంటే ఒక్క షట్టరు. వెనక పప్పు పట్టే చిన్న మిషను, ముందు కాంటా, రెంటికీ మధ్య అక్క. మూడింటిలో ఎక్కువ చప్పుడు మిషనుది కాదు. రైతు బస్తా దించగానే అక్క ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరుకుతుంది. ఆ ఒక్క కొరుకుతో అది నల్లరేగడిలో పండిందో లేదో చెబుతుంది. ఆ చేను గట్టు మీద అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారో మానేశారో కూడా చెబుతుంది. నేనూ ఒకసారి కొరికి చూశాను, దవడ పన్ను సంగతి తప్ప ఏమీ తెలియలేదు. కందులకు నూనె చెయ్యి తగిలించి, డాబా మీద ఎండబెట్టి, పట్టించి, చెరిగి అమ్ముతుంది. మెరుపు కోసం పాలిష్ మాత్రం చెయ్యదు. "పాలిష్ బండలకు గని పప్పుకెందుకురా?" అంటుంది. సగం ఊరు ఇళ్లలో పరిచే బండలకు పాలిష్ పడుతూ బతికే తాండూరులో ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు.

నిరుడు ఆ షట్టరుకు సరిగ్గా ఎదురుగా ఒక సూపర్ మార్కెట్ తెరిచారు. అద్దాల తలుపులు. లోపల ఎంత చల్లదనమంటే, ఎండాకాలంలో ఉల్లిగడ్డలకు పోయినవాళ్లు తుమ్ముకుంటూ బయటికొస్తున్నారు. అక్కడి పప్పు ప్యాకెట్లో పెళ్లికూతురి నగలా మెరుస్తుంది. అక్క పప్పు దాని పక్కన, పొలం నుంచి నేరుగా వచ్చి ఇంకా చేతులు కడుక్కోని మనిషిలా ఉంటుంది. గిరాకీ ఒక్కొక్కరే రోడ్డు దాటి పోయారు. కొందరు పోతూ పోతూ అక్కకు నమస్తే కూడా పెట్టారు.

షట్టరు అక్క మామగారు కట్టించింది. బావ బండల లారీ నడుపుతాడు, నెలలో ఎక్కువ రోజులు రోడ్ల మీదే. ఇంట్లో మాట చెల్లేది బావ వాళ్ల అన్నది. ఆయన్ని నేను పెద్దబావ అంటాను. మంచి మనిషే. కాకపోతే ఎవరికి ఏది మంచిదో వాళ్లకన్నా ముందే ఆయనకు తెలిసిపోతుంది.

"ఏమ్మా, ఉగాది దాంక చూస్త. గప్పటికి గూడ గిట్లనే ఉంటె షట్టర్ ఫోన్ల దుకాణపోళ్లకిస్త. నువ్వు ఇంట్ల ఆరాం జెయ్యి" అన్నాడట.

అక్క వెంటనే నాకు ఫోన్ చేసింది. "ఆరాం జేసుడేందిరా? నేనేమన్న జరమొచ్చి పండిన్నా? ఆ షట్టర్ల నేను మాలకిన్ని. ఇంట్లకు పోతె ఒకలు చాయ్ తెమ్మంటరు, ఒకలు ఉప్పు తక్కువైందంటరు. నేను పోను. నువ్వు పేపర్ల అబద్ధాలు రాస్తవు గదా, నా పప్పు మీద గూడ ఏదన్న సోచాయించు."

"అబద్ధాలు కాదక్కా, హాస్యం."

"ఏదైతేంది, జనం చదువుతరు గదా. జర నా దుకాణం దిక్కు మలుపు వాళ్లను."

ఆ ఆదివారం వికారాబాద్‌లో మా ఇంట్లో సభ పెట్టాం. సభ్యులు నలుగురు: అక్క, నా భార్య, డిగ్రీ చదువు కోసం మా దగ్గరే ఉంటున్న అక్క బిడ్డ, నేను. యుద్ధాలు ఆపడానికి కూర్చున్న దేశాధినేతలు కూడా అన్ని చాయ్‌లు తాగి ఉండరు.

మొదటి ఆలోచన నా భార్యది. "వదినె, ఆటోకు మైకు కట్టి తిప్పుదాం. తాండూరు, బంట్వారం, కోట్‌పల్లి అన్నీ తిరిగొస్తది."

"మైకు పెట్టి ఎలుకల మందు అమ్ముతరు పిల్లా. నాది తినే వస్తువు."

అక్క బిడ్డ ఫోన్ తీసింది. "అమ్మా, నువ్వు పప్పు చెరుగుతుంటె స్లో మోషన్ల రీల్ తీస్త. మస్తు వైరల్ అయితది."

"చెరుగుడు మెల్లగ జేస్తె రాళ్లెట్ల పోతయే?"

"అమ్మా! నువ్వు మామూలుగనే చెరుగుతవు. ఫోన్ల మెల్లగ కనిపిస్తది."

"అంటె నేను సుస్తిదాన్నని ఊరంత చూపెడ్తవా?"

రెండు కిలోలు కొంటే స్టీలు గిన్నె ఉచితం అన్నది నా భార్య. "గిన్నె నా దగ్గర తీస్కొని పప్పు ఎదురుంగ కొంటరు. గా గిన్నెల్నే పోసుకపోతరు" అని అక్క కొట్టిపారేసింది.

ఇక నా వంతు. నేను లేచి నిలబడ్డాను. శని ఆదివారాల్లో హైదరాబాద్ కార్లన్నీ మా ఊరి పక్క అనంతగిరి గుట్ట మీదే కదా, ఘాట్ రోడ్డు మొదట్లో బల్ల వేద్దామన్నాను. ప్యాకెట్ మీద గుట్ట బొమ్మ, కింద "ఔషధ మొక్కల గాలి పీల్చిన కందిపప్పు" అని అక్షరాలు.

అక్క నా వైపు తిరిగింది. "కందులు తాండూర్ల పండినయి. గుట్టెప్పుడెక్కినయిరా?"

సరే, పసుపు గుడ్డతో నిలువెత్తు కందిబద్ద వేషం కుట్టించి ఒక మనిషిని బస్టాండులో నిలబెడదామన్నాను. ముగ్గురూ ఒకేసారి నా పొట్ట వైపు చూశారు. "మామయ్యకు కుట్టియ్యనక్కర్లే, రంగు పూస్తె చాలు" అన్నది పిల్ల. దాన్ని వదిలేసి, ఈ పప్పు తిని తొంభై ఏళ్ల ముసలాయన గుట్టెక్కి దిగాడని పేపర్లో వ్యాసం రాస్తానన్నాను. ముసలాయన ఎవరని అక్క అడిగింది. ఇంకా పుట్టలేదన్నాను.

"చూడు తమ్మీ. ఇన్నేండ్లల్ల నా పప్పుల మట్టిబెడ్డ గూడ పడలే. అబద్ధం అసలు పడొద్దు. షట్టర్ పోతె పోనీ."

షట్టరు పోతె పోనీ అన్నప్పుడు ఆమె గొంతు మామూలుగా లేదు. నా భార్య లేచి అన్నం వడ్డించింది.

అసలు సంగతి అక్కడే జరిగింది. పప్పులో చెయ్యి పెట్టాను, గింజ వేళ్లకు తగిలింది. నా భార్య కొంచెం ఇబ్బందిగా, "వదినె, ఏమనుకోకు గని, నువ్వు పంపిన పప్పు ఈసారి ఉడుకుతలేదు" అన్నది.

అక్క ముద్ద కింద పెట్టింది. "నా పప్పు కాదు. మీ నీళ్లు."

"మా నీళ్లకేమైంది? కొత్త బోరు."

"గదే చెప్తున్న."

ఈ తగాదా మా వైపు ఎంత పాతదో తెలియనివాళ్లకు చెప్పాలి. పప్పు ఉడకకపోతే కొన్నవాళ్లు పప్పును తిడతారు, అమ్మినవాళ్లు నీళ్లను తిడతారు. ప్రతి ఊరి నీళ్లకూ ఒక పేరుంటుంది, మంచిదో చెడ్డదో. కోట్‌పల్లి ప్రాజెక్టు కింది ఊళ్లవాళ్లు తమ నీళ్లకు పప్పు వెన్నయిపోతుందని మీసం తిప్పుతారు. పూడూరు వైపు నుంచి వచ్చిన కోడలు పదేళ్లయినా, "మా అమ్మగారింటి నీళ్లకైతె రెండు సీటీలే" అని కుక్కరు దగ్గర నిలబడి అత్తకు వినబడేలా అంటుంది. సీటీ అంటే కుక్కరు విజిల్. మా దగ్గర కాలాన్ని గడియారంతో కాక దానితో కొలుస్తారు.

అక్క చెయ్యి కడుక్కుని బిందె పట్టుకుని బయటికి నడిచింది. పక్క వీధిలో మంజీరా నది నీళ్లొచ్చే నల్లా ఉన్న ఇంట్లో నీళ్లు అడిగి తెచ్చింది. అదే పప్పు, అదే కుక్కరు. మూడు సీటీలు. మూత తీస్తే గరిట అక్కర్లేకుండా పోయింది, చూపు తగిలితేనే మెదిగేలా ఉంది. నా భార్య ఓడిపోయి కూడా రెండోసారి వడ్డించుకుంది.

అక్క మాత్రం తినలేదు. "దొరికింది" అన్నది. "నీళ్లు తెమ్మందాం. ఎవలింటి నీళ్లు వాళ్లే తేవాలె. వాళ్ల ముందటనే ఉడకబెడ్త. ఉడికితెనే కొనుమంట. సూపర్ మార్కెటోడు చేస్తడా గిట్ల? వానికి పొయ్యే లేదు."

ఫ్లెక్సీ మీద రాయాల్సిన మాటలు ఆమే చెప్పింది: మీ నీళ్లు తెండి, మా పప్పు మీ ముందే ఉడకబెడుతం, ఉడికితేనే కొనుండ్రి. అంతే. కానీ ప్రింటు చేయించే పని నాకు అప్పగించింది. పేపర్లో రాసే మనిషి చేతికి ఖాళీ జాగా ఇవ్వకూడదు. ఫ్లెక్సీ కింది భాగంలో జానెడు ఖాళీ ఉంది. అందులో ఎర్ర అక్షరాలతో, "ఏ ఊరి నీళ్లకైనా మూడే సీటీలు!!!" అని రాయించాను. చూసి అక్క ముఖం చిట్లించింది గాని, కట్టేశాక విప్పితే శకునం బాగుండదని ఊరుకుంది.

జనం వచ్చారు. మొదటి రోజు నలుగురు, మూడో రోజుకు పదిమంది, వారం తిరిగేసరికి షట్టరు ముందు సీసాలు, చెంబులు, టిఫిన్ డబ్బాలు, ఒకటి రెండు పాల క్యాన్లు వరుసగా కూర్చున్నాయి. మనుషులు పక్కన టైలర్ దుకాణం నీడలో నిలబడ్డారు. కర్ణాటక వైపు నుంచి వచ్చిన ఒకావిడ కొంగు కింద చెంబు దాచుకుని తెచ్చి, ఉడికిన పప్పు వేలితో నాకి "ఛలో అద" అన్నది. బాగుందని అర్థం. అక్క ఆ రెండు మాటలూ నేర్చుకుని మిగతా గిరాకీ అందరి మీదా వాడేసింది. ఎదురుగా ఉన్న చల్లటి దుకాణంలో పనిచేసేవాళ్లు కూడా మెట్ల మీదికొచ్చి చూశారు. నేను ఆ వారమంతా సెలవు పెట్టి తాండూరులోనే ఉండి, ప్రతి సీటీకీ నేనే ఊదినంత గర్వపడ్డాను.

ఎనిమిదో రోజున ఒక పెద్దమనిషి వచ్చాడు. బంట్వారం దగ్గర ఊరు. గొర్లు కాస్తాడు, కొంచెం చేను. భుజాన గొంగడి, మోపెడ్ మీద ఇరవై లీటర్ల క్యాను. క్యాను దించి, ఫ్లెక్సీ చదివి, కింది వరుస మళ్లీ చదివాడు.

"ఏ ఊరి నీళ్లకైనానా?"

"ఏ ఊరివైనా" అన్నాను నేను.

"మా బోరు నీళ్లు గివి. గీ నీళ్లతోని మా ముసల్ది ముప్పై ఏండ్ల సంది పప్పు ఉడకబెడుతాంది, నేను తిడుతనే ఉన్న. ఇంక ఉడకలే."

అందరూ నవ్వారు. అక్క కుక్కరు ఎక్కించింది. మూడు సీటీలయ్యాక మూత తీసింది. గింజలు లోపలికి పోయినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మళ్లీ మూత పెట్టింది. ఏడు సీటీలు. జనం లెక్క పెట్టడం మొదలుపెట్టారు. పదకొండు. మూత తీస్తే ఒక్కో గింజ నీళ్లలో స్నానం చేసి లేచినట్టు తేరుకుని చూస్తోంది.

"నేను చెప్పలే?" అన్నాడు పెద్దమనిషి. నీళ్లు చెడ్డవైనందుకు అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు.

ఎవరో ఈల వేశారు. ఎదురుగా మెట్ల మీద నవ్వులు. సరిగ్గా అప్పుడే పెద్దబావ వచ్చాడు. ఆయన వెంట ఫోన్ల దుకాణం వాళ్లు ఇద్దరు, షట్టరు కొలతలు చూసుకోవడానికి.

"ఇంక చాలు తియ్యమ్మా. ఊరంత నవ్వుతాంది. గా కుక్కర్ దించి ఇంటికి పో" అన్నాడు.

నేను ఫ్లెక్సీ కట్టిన గుంజ పట్టుకుని ముందుకొచ్చాను. "పెద్దబావా, ఆ మాట రాయించింది నేను. తప్పు నాది. అక్కను ఒక్క మాటనొద్దు" అని అందరికీ వినబడేలా అన్నాను.

అక్క లోపలికి పోయి కత్తెర తెచ్చి ఫ్లెక్సీ కింది ఎర్ర వరుసను జానెడు మేర కత్తిరించి పారేసింది. తర్వాత కొంగు బిగించి రోడ్డు దాటింది. అద్దాల తలుపు తోసుకుని ఎదురు దుకాణంలోకి పోయి, నిగనిగలాడే పప్పు ప్యాకెట్ ఒకటి కొనుక్కుని తిరిగొచ్చింది. అదే క్యానులోని నీళ్లు, అదే కుక్కరు, కడిగి మళ్లీ ఎక్కించింది. ఈసారి జనం గట్టిగా లెక్కపెట్టారు. పదకొండు సీటీలు. మూత తీసింది. అవీ అంతే. మెరుపు పోయింది గాని గింజ విరగలేదు. మెట్ల మీద నవ్వులు ఆగాయి.

గోడకు ఆనించి ఒక నల్ల బండ ఉంది. బావ లారీలో మిగిలిపోయిన ముక్క. అక్క దాన్ని ఈడ్చి షట్టరు ముందు నిలబెట్టి, టైలర్ దగ్గర సుద్దముక్క తీసుకుని పెద్ద అక్షరాలతో రాసింది: "ఈ నీళ్లకు నా పప్పు ఉడకలేదు." దాని కింద బంట్వారం పెద్దమనిషి ఊరు, ఆయన బోరు. ఇంకో వరుసలో: "ఎదురు దుకాణం పప్పు కూడా ఉడకలేదు."

"అదేం రాసుడమ్మా?" పెద్దబావ తల పట్టుకున్నాడు. "ఉడకదని మనమే రాసుకుంటె ఎవడు కొంటడు?"

"ఉడకలే, రాసిన. ఉడికితె రాయనా? నా దుకాణం ముందట నిజం రాస్త బావ. ఉగాది ఇంక రాలే. షట్టర్ నాదే."

ఫోన్ల దుకాణం వాళ్లు టేపు మడిచి జేబులో పెట్టుకున్నారు. అక్క బంట్వారం పెద్దమనిషి వైపు తిరిగి, "పెద్దయ్యా, వాననీళ్లు పట్టి పెట్టుకొని వండుకోండ్రి. అవ్వను ఇంక తిట్టకు" అన్నది. ఆయన బండ ముందు నిలబడి తన ఊరి పేరు వేలితో చూపించి చూపించి చదువుకున్నాడు. పోతూ పోతూ రెండు కిలోలు కొన్నాడు. వాననీళ్లకు చూస్తాడట.

తర్వాత జరిగింది నేను సోచాయించగలిగిన ప్రచారం కాదు. ఆ బండ మీద తమ ఊరి పేరు ఎక్కిందని బంట్వారం వైపు నిప్పు రాజుకుంది. ఆ ఊళ్లోనే ఇంకో వీధివాళ్లు, తమ నీళ్లు అలాంటివి కావని నిరూపించడానికి క్యాన్లు పట్టుకుని వచ్చారు. వాళ్లవి ఉడికాయి. ఉడికిన సంగతి కూడా రాయమన్నారు. అక్క రాయలేదు. "ఉడికితె ఇంట్లకు తీస్కపోయి తినుండ్రి, బండ మీదెందుకు?" అన్నది. ఒకే గట్టు పంచుకున్న అన్నదమ్ములు చెరో సీసా తెచ్చారు. తమ్ముడిది ఉడికింది, అన్నది ఉడకలేదు. అన్న పేరు బండెక్కింది. అన్న మూడు రోజులు తమ్ముడితో మాట్లాడలేదని విన్నాం. అయినా ఇద్దరూ పప్పు అక్క దగ్గరే కొన్నారు. ఉడకని చోట ఉడకదని చెప్పేది ఊరు మొత్తానికి అదొక్కటే దుకాణం మరి. రోడ్డు దాటిపోయిన పాత గిరాకీ కూడా మళ్లీ ఇటు దాటింది. కొందరు ఈసారీ నమస్తే పెట్టారు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు పెద్దబావ వచ్చాడు. చేతిలో సీసా. వేరే వీధిలో ఉన్న తన ఇంట్లో కొత్తగా వేయించిన బోరు నీళ్లు. ఆ బోరు గురించి తాండూరులో వినని చెవి లేదు. "జర చూడు" అన్నాడు, మాట మామూలుగానే, చూపు మాత్రం బండ మీద.

అక్క కుక్కరు ఎక్కించింది. మూడు సీటీలు, ఆరు, తొమ్మిది. గింజ మెదగలేదు. అక్క సుద్దముక్క తీసుకుని వంగింది.

"అరే, ఇంటి బోరు గూడ రాస్తవా?" పెద్దబావ అరిచినంత పని చేశాడు.

"పప్పుకు చుట్టరికం తెల్వది బావ" అని ఆయన పేరు, వీధితో సహా రాసింది.

ఆయన వంగి ఆ వరుస చదివాడు. ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత టైలర్ మిషను ఆపి చూసేంత గట్టిగా నవ్వాడు. అక్కడే నిలబడి ఫోన్ల దుకాణం వాళ్లకు ఫోన్ కలిపి, "నేనే. షట్టర్ ఖాళీ లేదు. లేదు లేదు, ఉగాది తర్వాత గూడ ఖాళీ లేదు" అని పెట్టేశాడు. అక్క కిలో పప్పు కాంటాలో జోకి ఆయన చేతిలో పెట్టి, "మంజీరా నీళ్లతోని వండుమను మీ ఇంట్ల అక్కను" అన్నది.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. ఇరవై లీటర్ల క్యాను నిజానికి ఒక సీసా, పదకొండు సీటీలు బహుశా ఎనిమిది. అవి కల్పన కాదు, నా అలవాటు. కల్పించింది వేరే ఉంది. గుంజ పట్టుకుని తప్పు నాదని పెద్దబావకు చెప్పాను చూడండి, అది. నేను అప్పుడక్కడ లేను. ఏడో సీటీ దగ్గరే మిషను వెనక తలుపు తీసుకుని స్టేషనుకు నడిచాను. ఫోన్ ఆపేసి దొరికిన రైలెక్కాను. ఆ రోజు ఆ తర్వాత జరిగిందంతా టైలర్ చెప్పాడు, ఆయన నాలాంటి మనిషి కాదు. ఎర్ర అక్షరాలు ఎవరు రాయించారని పెద్దబావ అడిగితే, "నా దుకాణం మీద నేను గాక ఎవలు రాయిస్తరు?" అని అక్కే అన్నదట.

ధారూరు స్టేషను దాటాక ఫోన్ ఆన్ చేశాను. అక్క దగ్గర్నుంచి ఒక్క మెసేజ్ ఉంది. అన్నం తినకనే పోయినవేందిరా అని.